సిలికోనుల మూలపురుషులు – ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్

ఏటి ఇసుకలో సిలికాన్, ప్రాణవాయువు అను రెండు మూలకములు గట్టిగా పెనవేసికొని యున్నవి. కావుననే ఇసుక నిప్పునకు కాలదు. ఆ బలమును రబ్బరువంటి మెత్తని వస్తువులకు చేకూర్చిన విద్యకు పునాది వేసిన మహనీయులు ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞులు కిప్పింగ్ గారు.

వీరు 1863 ఆగస్టు 16వ తేదీన మాంచెస్టరు చెంత జన్మించిరి. జర్మనీ దేశమున మ్యూనిక్ నగరమున పరిశోధనచేసి 1887లో పట్టము గాంచిరి. పిమ్మట పెర్కిన్ గారితో కలసి రచించిన కర్బన రసాయన గ్రంథము బహుకాలము విద్యార్థుల కాధారమై నిలిచెను. 1897లో నాటింగ్‌హామ్ కళాశాలలో ఆచార్య పదవిని స్వీకరించి, 1936 వరకు అచటనే పనిచేసిరి.

కర్బనమువలె సిలికాన్ కూడ నానావిధ సమ్మేళనముల నీయగలదా యనునది వారి ప్రశ్న. దానివెంట సుమారు నలుబది సంవత్సరములు నడచి, ఏబది పరిశోధన వ్యాసములకు పైగా ప్రకటించిరి. వారు కోరినవి స్వచ్ఛమైన స్ఫటికములు. పెక్కుమారులు లభించినవి జిగురు ముద్దలు. సిలికోను అను పేరు వారు పెట్టినదే. అయినను రాయల్ సొసైటీ యెదుట ఉపన్యసించుచు, ఈ శాఖలో త్వరలో గొప్ప అభివృద్ధి కలుగునను ఆశ లేదని తెలిపిరి. జీవితమంతయు ధారపోసిన పనిపై వారిచ్చిన తీర్పు అది.

కాని ఆ వ్యాసములు గ్రంథాలయములలో నిలిచి యుండెను. అమెరికాలో హైడ్, రోకో అను శాస్త్రజ్ఞులు వాని నాధారముగ గొని ముందునకు సాగిరి. ఆ ముద్దలలో సిలికాన్, ప్రాణవాయు పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగ పొడవైన గొలుసులై యుండును. వాని ప్రక్కల కర్బన సమూహము లంటియుండును. గొలుసు ఇసుక బలము నిచ్చును, కర్బనము మెత్తదన మిచ్చును. సాధారణ రబ్బరు మాడిపోవు వేడిమికిని, పెళుసై విరుగు చలికిని సిలికోను రబ్బరు ఓర్చును. 1940లో రోకో సులభమైన తయారీ పద్ధతిని కనుగొనిరి. 1943లో ఈ వస్తువుల తయారీకై డౌ కార్నింగ్ సంస్థ వెలసెను.

1949 మే 1వ తేదీన కిప్పింగ్ గారు వేల్సులో కన్నుమూసిరి. ఇరువది యేండ్లకు, 1969లో, చంద్రునిపై నడచిన వ్యోమగాముల పాదరక్షల అడుగుభాగము సిలికోను రబ్బరుతో చేయబడెను. 1981లో తొలిసారి ఎగిరిన అమెరికా స్పేస్ షటిల్‌కు వేడిమిని తట్టు పలకలను అంటించినది సిలికోను జిగురే. ఆ పలకలు ఊడినచో లోనివారి ప్రాణములకే ముప్పు.

నేడు చదువరి లేని పుస్తకమునైనను అలమరలో భద్రముగ నుంచవలె ననుటకు ఈ చరిత్రయే సాక్ష్యము.