సీఫర్ట్ అంటే ఒక మనిషి

మినీ ప్రాజెక్ట్ కోసం ఎన్‌జీసీ 1275 అనే గెలాక్సీ ఎక్స్-రే డేటా డౌన్‌లోడ్ చేశాను. టైప్ అన్న చోట సీఫర్ట్ అని ఉంది. ఏదో షార్ట్‌ఫామ్ అనుకుని, నా పైథాన్ కోడ్‌లో ఒక వేరియబుల్‌కి ఆ పేరే పెట్టేశా. అది ఒక మనిషి పేరని వారం తర్వాత తెలిసింది.

కార్ల్ సీఫర్ట్ 1911లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. డాక్టర్ అవుదామని హార్వర్డ్‌లో చేరి, మధ్యలో ఖగోళశాస్త్రానికి వచ్చేశారు. ఆయన భార్య మ్యూరియల్ కూడా హార్వర్డ్ అబ్జర్వేటరీలోనే పనిచేశారు. ఆవిడ ఉద్యోగం పేరు కంప్యూటర్! అప్పట్లో లెక్కలు చేసే మనిషినే అలా అనేవాళ్లు. సీఎస్ఈ వాడిని కదా, ఇక్కడ కాసేపు ఆగిపోయాను.

1940లో ఆయన కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్‌కి వెళ్లి, గెలాక్సీల నడిబొడ్డు నుంచి వచ్చే కాంతిని రంగులుగా విడగొట్టి ఫొటో ప్లేట్ల మీద చూశారు. సన్నగా ఉండాల్సిన గీతలు కొన్నిటిలో బాగా వెడల్పుగా ఉన్నాయి. అంటే అక్కడ గ్యాస్ సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో పరిగెడుతోందన్నమాట. 1943లో ఆరు గెలాక్సీల గురించి పేపర్ రాశారు. అందులో నా 1275 కూడా ఉంది. ఎందుకలా పరిగెడుతోందో చెప్పడానికి బ్లాక్ హోల్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. ఆ పేపర్‌ని చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1946లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ చెప్పుకోదగ్గ టెలిస్కోప్ లేదు. ఊళ్లోవాళ్ల దగ్గర తిరిగి విరాళాలు పోగుచేసి, 1953కల్లా 24 అంగుళాల టెలిస్కోప్‌తో డయర్ అబ్జర్వేటరీ కట్టించారు. లోకల్ టీవీలో వాతావరణం కూడా చెప్పేవారట. నాకు ఇదే భలే నచ్చింది.

1960 జూన్ 13న కారు ప్రమాదంలో పోయారు. వయసు 49.

ఎక్స్-రేలు మన గాలి పొరని దాటి కిందికి రావు. సౌరకుటుంబం బయట నుంచి అవి వస్తున్నాయని ఒక రాకెట్ పట్టుకున్నది 1962లో, అంటే ఆయన పోయిన రెండేళ్లకి. తర్వాత ఉపగ్రహాలు పైకి వెళ్లాక, ఆయన లిస్టులోని గెలాక్సీలు ఎక్స్-రేల్లో వెలుగుతాయనీ, ఆ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందనీ తెలిసింది. ఒక వస్తువు వెలుగు రోజులో బాగా మారిందంటే, దాని సైజు సుమారుగా కాంతి ఒక రోజులో వెళ్లే దూరాన్ని మించదు. లక్ష కాంతి సంవత్సరాల గెలాక్సీలో అది చుక్కంత. బ్లాక్ హోల్ పక్కన కాలిపోతున్న ఎలక్ట్రాన్లో, అక్కణ్ణుంచి చిమ్మే జెట్టో ఆ పని చేస్తున్నాయి.

1275తో ఇంకో చిక్కుంది. దాని చుట్టూ ఉన్న వేడి గ్యాస్ కూడా ఎక్స్-రేల్లో వెలుగుతుంది, కానీ ఆ వెలుగు మారదు. నేను మొత్తం కలిపేసి గ్రాఫ్ గీస్తే గీత చదునుగా వచ్చింది. నడిమధ్య చిన్న వృత్తం తీసుకుని, చుట్టూ ఉన్న గ్యాస్ వాటా తీసేశాక, ఏడాదికీ ఏడాదికీ తేడా కనిపించింది. ఆయన 1943లో గుర్తుపెట్టిన చోటే!

రివ్యూ వచ్చే సోమవారం. వేరియబుల్ పేరు మాత్రం మార్చలేదు.