సైకిలు వీరుడు ఫౌస్టో కొప్పి

సైకిలు పందెమునందు చూడదగినది ఏమున్నదని మన సహోద్యోగులు పలువురు ప్రశ్నింతురు. భిలాయిలో 1959లో మొదటి బ్లాస్టు ఫర్నేసు రాజుకొన్న నాటినుండి ఎందరో సైకిలు త్రొక్కుకొనుచు డ్యూటీకి పోయినవారే. నిత్యము చేయు పనిలో వింత యేమని వారి సందేహము. దీనికి ఇటలీ దేశీయుడగు ఫౌస్టో కొప్పి జీవితమే తగిన సమాధానము.

కొప్పి 1919 సెప్టెంబరు 15వ తేదీన కాస్తెల్లానియా అను కొండపల్లెలో రైతు కుటుంబమున జన్మించెను. చిన్ననాటనే నోవి లిగూరే పట్టణమున మాంసపు దుకాణమునందు పనికి కుదిరి, సైకిలుపై ఇంటింటికి సరుకు చేరవేసెను. 1940లో, ఇరువది యేండ్ల ప్రాయముననే, ఇటలీని చుట్టివచ్చు జిరో పందెమును గెలిచెను. 1942లో మిలాను నగరమున ఒక గంటలో 45 కిలోమీటర్లకు పైగా త్రొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. సైనికుడుగా నుండి, పిమ్మట 1943లో ఉత్తరాఫ్రికాలో బ్రిటిషువారికి ఖైదీగా చిక్కెను. యుద్ధానంతరము తిరిగివచ్చి, 1949లో జిరోను, ఫ్రాన్సు దేశపు టూరును ఒకే యేట గెలిచిన ప్రథముడయ్యెను.

ఈ పందెముల మర్మమంతయు గాలిలో నున్నది. ముందువాడు గాలిని చీల్చుకొని పోవ, వెనుకవాడు ఆ చాటున తక్కువ శ్రమతో సాగును. వేసవి వడగాలికి ఎదురు త్రొక్కినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కావున జట్టులోనివారు తమ గెలుపును విడిచి నాయకునికి చాటు కల్పింతురు, నీరు తెచ్చి యిత్తురు. 1952 టూరునందు కొప్పి సహచరుడు ఆండ్రియా కర్రేయా అనుకొనకుండ అగ్రస్థానము పొంది, పసుపుపచ్చ అంగీ తనకు దక్కగా, అది నాయకునికి చెందవలసినదని కన్నీరు పెట్టెను. మరునాడే కొప్పి ఆల్ప్ దుయెజ్ కొండపై గెలిచి ఆ అంగీని ధరించెను.

అట్టి చాటును వదలి ఒంటరిగా పోవుట యెంతటి సాహసమో 1949 జూన్ 10న జిరో పందెమున జనులు చూచిరి. ఐదు కనుమలు దాటవలసిన ఆనాటి దారిలో కొప్పి 192 కిలోమీటర్లు ఏకాకిగా త్రొక్కి, ద్వితీయుడైన జీనో బార్తలీ కంటె దాదాపు 12 నిమిషములు ముందుగా చేరెను. ఈ ఇరువురి అభిమానులుగా ఇటలీ రెండుగా చీలినది. అయినను 1952లో కొండదారిపై వారు ఒకే సీసాను చేతులు మార్చుకొనుచున్న ఛాయాచిత్రము ప్రసిద్ధము. ఎవరు ఎవరికిచ్చిరను వాదము మాత్రము తెగలేదు.

కొప్పి నిర్దోషి యని చెప్పరాదు. ఆనాడు నిషేధము లేని ఉత్తేజక ఔషధములను వాడినట్లు అతడే అంగీకరించెను.

1959 డిసెంబరులో నేటి బుర్కినా ఫాసోకు వెళ్ళి అతడు మలేరియా బారిన పడెను. ఇటలీ వైద్యులు జబ్బును గుర్తింపలేకపోయిరి. తోడుగా పోయిన జెమినియానీ క్వినైనుచే బ్రతికెను. కొప్పి 1960 జనవరి 2న, నలుబదియవ యేట, మరణించెను. మలేరియా క్రిమిని దోమయందు రొనాల్డు రాసు 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనియుండెను. విద్య యుండియు వేళకు అందకపోయినది.

పందెము చూచునపుడు గెలిచినవానితోబాటు వాని కొరకు గాలికి ఎదురు నిలిచినవారిని గూడ గమనింపుడు. పలువురి శ్రమ ఒకటియై ఉక్కుగా మారుట నెరిగిన మనకు ఆ రుచి తెలియకపోదు.