డాక్టరు పీటర్ మార్క్ రోజే చరిత్రము

ఆంగ్లభాషాభ్యాసమున మన విద్యార్థులకు తరచుగ గలుగు చిక్కు యొకటి కలదు. దారిలో రూపాయి దొరికినవానిని, ఏడాదియంతయు శ్రమించి పరీక్షలో గెలిచినవానిని, తాతతండ్రుల మాన్యములు సంక్రమించినవానిని గూడ మనము అదృష్టవంతుడనియే చెప్పుదుము. ఆ భావమునే ఆంగ్లమున వ్రాయబూనినంతనే లక్, ఫార్చ్యూన్, చాన్స్, సక్సెస్, ప్రాస్పెరిటీ అను పలుమాటలు మనముందు నిలుచును. వానిలో దేనిని గ్రహింపవలయునో తోచదు. ఇట్టి సందేహము గలవారికి దారి చూపుటకై థిసారస్ అను పదకోశమును గూర్చిన మహనీయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

రోజే 1779వ సంవత్సరము జనవరి 18వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జెనీవా పట్టణమువాడు. లండనులోని ఫ్రెంచి ప్రొటెస్టంటు సంఘమునకు బోధకుడు. తల్లి కాథరిన్, ప్రసిద్ధ న్యాయవాదియగు సామ్యుయెల్ రోమిలీకి సోదరి. 1783లో తండ్రి క్షయవ్యాధిచే మరణించెను. అప్పటికి బాలునకు నాలుగేండ్లు. తండ్రిలేని యా బిడ్డకు మేనమామయే పెద్దదిక్కయ్యెను. రోజే ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి, 1798లో పందొమ్మిదేండ్ల ప్రాయముననే పట్టము నందెను.

1802లో ఆయన మాంచెస్టరు నగరపు ధనికవర్తకుని కుమారుల నిద్దరిని వెంటబెట్టుకొని, వారికి గురువుగ ఐరోపాఖండయాత్రకు బయలుదేరెను. వారు జెనీవాలో నుండగా 1803లో ఇంగ్లండునకును ఫ్రాన్సునకును మరల యుద్ధము పొసగెను. పదునెనిమిది మొదలు అరువదియేండ్ల వరకు ప్రాయముగల ఆంగ్లేయపురుషుల నెల్ల నిర్బంధింపుడని నెపోలియను ఆజ్ఞాపించెను. జెనీవా అప్పుడు ఫ్రాన్సు ఏలుబడిలో నుండెను. రోజే తన తండ్రి జెనీవా పౌరుడని రుజువుచేసి విడుదల నొంది, శిష్యులతో క్షేమముగ స్వదేశము చేరెను. ఆయన మిత్రుడు లోవెల్ ఎడ్జ్‌వర్తునకు అట్టి యాధారము లేకపోయెను. అతడు 1814 వరకు ఫ్రాన్సున బందీగ నుండవలసివచ్చెను. ఆపద యొక్కటే, ఒకనికి తండ్రి పుట్టినయూరు రక్షణయయ్యెను, రెండవవానికి ఏదియు గాలేదు.

1804లో రోజే మాంచెస్టరు వైద్యశాలలో వైద్యుడుగ నియుక్తుడయ్యెను. ఆ మరుసటియేడు, అనగా 1805లో, తన రచనకు సాయముగ నుండుటకై సమీపార్థములుగల పదముల నొకచోట జేర్చి చిన్నపట్టికను వ్రాసికొనెను. అదియే మహాగ్రంథమునకు బీజము. కాని దానిని ముద్రింప నాయన తొందరపడలేదు. తరువాత లండను చేరి వైద్యవృత్తి నవలంబించెను. ఘాతములను, మూలములను సులభముగ గణించు కొలబద్ద నొకదానిని కల్పించి, 1815లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. దడిసందులనుండి చూచునపుడు దొరలుచున్న చక్రపు ఆకులు వంకరగ దోచుటకు గారణమును 1824లో ఆ సభకు వివరించెను. 1827 మొదలు 1848 వరకు దానికి కార్యదర్శిగ నుండెను.

చూచువారికి ఇది భాగ్యవంతుని జీవితమువలె దోచును. కాని ఆయన యింట దుఃఖమునకు గొదువలేదు. 1818లో మేనమామ రోమిలీ భార్యావియోగమును సహింపజాలక ప్రాణత్యాగము చేసికొనెను. వైద్యుడయ్యును రోజే ఆయనను గాపాడలేకపోయెను. 1824లో వివాహమాడిన భార్య మేరీ 1833లో మరణించెను. తల్లిలేని యిద్దరుబిడ్డలు ఆయనకు మిగిలిరి.

సొసైటీ కార్యదర్శిత్వమును విడిచినపిదప ఆయన పాతపట్టికను మరల జేతబట్టెను. పదములను అక్షరక్రమమున గాక భావక్రమమున ఆరు వర్గములుగను, వేయి శీర్షికలుగను విభజించి, 1852లో థిసారస్‌ను ప్రకటించెను. అప్పటి కాయనకు డెబ్బదిమూడేండ్లు. మన పెద్దలు బాల్యమున వల్లించిన అమరకోశమును గూడ ఆయన తన యుపోద్ఘాతమున, ఇట్టి ప్రయత్నములలో ప్రాచీనమైనదిగ బేర్కొనుట మనకు సంతోషదాయకము.

ఆ గ్రంథమున చాన్స్ అను పదము రెండుచోట్ల గానవచ్చును: కారణములేనిదియని యొకచోట, సంకల్పములేనిదియని వేరొకచోట. సక్సెస్‌కు ఎదుట ఫెయిల్యూరును, ప్రాస్పెరిటీకి ఎదుట అడ్వర్సిటీని నిలిపెను. అర్థములను మాత్ర మాయన వివరింపలేదు. పదములను పక్కపక్కన బేర్చి, తగినదానిని ఏరుకొను భారమును చదువరికే విడిచెను.

ఆ భారమును మేము రోజే జీవితము నాధారముగ గొని వహింప యత్నింతుము. జెనీవాలో ఆయన దప్పించుకొనుట లక్. అది ఆయన సంపాదించినది గాదు. అట్టిదానికే రోమనుల దేవతపేరుతో వచ్చిన ఫార్చ్యూన్ అను మాటయు జెల్లును. అయితే దానికి సిరిసంపద లను నర్థముగూడ గలదు. నలువదియేడేండ్ల పిమ్మట గ్రంథము వెలువడుట సక్సెస్. దానిని లక్ అన్నచో ఆయన శ్రమకు అన్యాయము చేసినవారమగుదుము. ఇంటను వృత్తియందును నిలుకడగ సాగిన మంచిరోజులు ప్రాస్పెరిటీ. హ్యాపీ యను మాటయు యాదృచ్ఛికసంఘటన యను నర్థముగల పాతపదమునుండి పుట్టినదే. నేడది మనస్సంతోషమును దెలుపును. మన అదృష్టమనగా కంటికి గానరానిది. భాగ్యమనగా పాలికి వచ్చినది. మనభాషలోను భేదములు గలవు, మనమే గమనింపకున్నాము.

రోజే తన గ్రంథమునకు ఆదరము పెరుగుటను గన్నులార జూచి, తుదివరకు దానిని సవరించుచునే యుండెను. 1869వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన వెస్ట్ మాల్వర్నులో తన తొంబదియవయేట గాలధర్మము నొందెను. కుమారుడు జాన్ లూయిస్ దానిని పెంచి 1879లో మరల బ్రకటించెను.

విద్యార్థులారా! తోడివాడు పరీక్షలో గెలిచినప్పుడు అతడు అదృష్టవంతుడని తేలికగ బలుకకుడు. రాత్రులు దీపముకడ గూర్చుండి చదివినవానికి ఆ మాట తగినది గాదు. ఎవరికి దక్కవలసిన మాటను వారికిచ్చుట భాషాజ్ఞానము మాత్రమే గాదు, న్యాయముగూడ నని మేము తలంచెదము.