పిల్లల రక్త కేన్సర్‌పై తొలి దెబ్బ కొట్టిన భీమవరం బిడ్డ

మనురేవా (న్యూజిలాండ్): బతుకుతెరువు కోసం దేశాలు పట్టిన మనందరికీ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ తెలిసుండాలి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

1920ల మొదట్లో భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గరే వదిలి బోస్టన్ చేరారు. తర్వాత పుట్టిన కొడుకు ఏడాది నిండకముందే పోయాడు. తండ్రి వాడి మొహం చూడనే లేదు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల గిన్నెలు కడిగే పని. మళ్లీ సొంతూరు చూసే రాత ఆయనకు లేకపోయింది.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. రక్త కేన్సర్ కణాలు పెరగడానికీ అదే కావాలని బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అప్పుడు దానిలాగే కనిపించే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. మా సైటు భాషలో చెప్పాలంటే, సిమెంటు బస్తాలో బూడిద నింపి పంపడమే. కణం మోసపోతుంది, గోడ లేవదు.

1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మంది కోలుకున్నారు. కానీ ఆ సంతోషం కొన్ని నెలలే. జబ్బు తిరగబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు.

ఆయన ల్యాబు నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను తర్వాతి డాక్టర్లు వేరే మందులతో కలిపి వాడారు. మెదడు చుట్టూ దాక్కునే కణాల కోసం వెన్నులోకీ ఎక్కించారు. ఈరోజు సంపన్న దేశాల్లో ఈ జబ్బొచ్చిన పది మంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు.

అయినా తిరగబెట్టే ప్రమాదం ఇప్పటికీ ఉంది. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని మందులు మానకండి. మొత్తం చికిత్స రెండేళ్లకు పైనే పడుతుంది. ఇండియా ప్రయాణమైనా డాక్టరునడిగే పెట్టుకోండి. జ్వరమొస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఒకవేళ తిరగబెట్టినా కార్-టీ లాంటి కొత్త చికిత్సలొచ్చాయి, ఆశ వదలొద్దు. ఊరు కాని ఊళ్లో రాత్రిళ్లు కష్టపడిన మనవాడు ఈ దారిలో మొదటి రాయి వేసి వెళ్లాడు.