ధ్రువ కాంతుల గుట్టు విప్పిన బిర్కెలాండ్

నార్వే దేశం ఉత్తర కొసన, చలికాలం రాత్రుల్లో ఆకాశం నిండా ఆకుపచ్చ వెలుగులు గాలికి ఊగే తెరల్లాగ కదులుతుంటాయి. వాటినే ఉత్తర ధ్రువ కాంతులు అంటారు. మన వైపు కనపడవు. అవి ఎందుకొస్తాయో కనిపెట్టడానికి జీవితమంతా పెట్టినవాడు క్రిస్టియన్ బిర్కెలాండ్.

ఇతడు 1867 డిసెంబరు 13న, ఇప్పటి ఓస్లో నగరంలో పుట్టాడు. ముప్పై ఏళ్లకే ప్రొఫెసర్ అయ్యాడు. 1899లో హాల్దె అనే కొండ మీద, సుమారు 900 మీటర్ల ఎత్తున, రాతి ఇల్లు కట్టించి చలికాలమంతా అక్కడే మకాం పెట్టాడు. ఆ యాత్రలు ఆషామాషీ కాదు. ఒక విద్యార్థికి చలికి వేళ్లు పాడైపోయాయి. ఇంకో సహాయకుడు మంచు విరిగిపడి చనిపోయాడు.

మన ల్యాబ్‌లో బార్ మాగ్నెట్ చుట్టూ ఇనుప రజను చల్లితే రెండు కొసల దగ్గరే గుబురుగా చేరుతుంది కదా? భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమే. సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్ కణాలను అది ధ్రువాల వైపు లాగుతుందని బిర్కెలాండ్ ఊహించాడు. గాజు పెట్టెలో గాలి తీసేసి, లోపల అయస్కాంతం ఉన్న గోళాన్ని పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలాడు. ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు వచ్చాయి! ఆకాశంలో ఆ కణాలు గాలిలోని ఆక్సిజన్‌ని కొడితే ఆకుపచ్చ, ఎరుపు. నైట్రోజన్‌ని కొడితే నీలం, ఊదా వస్తాయి.

పరిశోధనకి డబ్బు కావాలి. అందుకని విద్యుత్ ఫిరంగి తయారుచేశాడు. 1903లో అందరి ముందూ పేలిస్తే షార్ట్ సర్క్యూట్ అయి పెద్ద మంట లేచింది, పరువు పోయింది. కానీ అలాంటి మంటతోనే గాలి నుంచి ఎరువు చేయొచ్చని శామ్ ఐడ్ అనే ఇంజనీరుతో కలిసి చూపించాడు. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. (నాకు ఈ సంగతే బాగా నచ్చింది.)

అయినా బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆయన సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. చివరి రోజుల్లో నిద్ర పట్టక మందులు వాడేవాడు. 1917 జూన్ 15న, ఇంటికి దూరంగా టోక్యోలో ఒక హోటల్ గదిలో ఆ మందు ఎక్కువై చనిపోయాడు. వయసు 49.

ఆయన చెప్పిన విద్యుత్ ప్రవాహాలు నిజమేనని 1960, 70లలో ఉపగ్రహాలు తేల్చాయి. కణాలు సూర్యుడి నుంచి తిన్నగా వచ్చి పడవని, భూమి అయస్కాంత క్షేత్రంలో వేగం పుంజుకుని కిందికి దిగుతాయని కూడా తర్వాత తెలిసింది. ఆ ప్రవాహాలకి ఇప్పుడు బిర్కెలాండ్ పేరే. 1994లో నార్వే వాళ్లు 200 క్రోనర్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు.