పేరు మరుగైనా పని నిలిచింది



ఒక శాస్త్రజ్ఞుని గొప్పతనాన్ని కొలవడానికి విద్యాలోకం ఈనాడు ఒక కొలబద్దను వాడుతోంది. ఆయన ఎన్ని పరిశోధన పత్రాలు రాశాడు, ఇతరులు వాటిని తమ పత్రాలలో ఎన్నిసార్లు ఉదహరించారు అన్నదే ఆ లెక్క. 1960లలో అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ ఇందుకు ఒక సూచికనే తయారుచేశాడు. లెక్క మంచిదే. కాని అది సత్యాన్నంతా చెప్పగలదా? మన తెలుగువాడైన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితాన్ని చూచి మీరే నిర్ణయించండి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేద కుటుంబం. మెట్రిక్ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆ దుఃఖం ఆయనను వదలలేదు.

మామగారి సహాయంతో, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో పనివాని కొలువు. భార్యను మళ్ళీ కలుసుకోలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోతే, ఆ ముఖం కూడా చూడలేదు. ఆయన సాధించిన ఘనతకు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని ఏ సూచికా లెక్కపెట్టదు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రక్తంలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. దానిని దశాబ్దాలపాటు వేలాదిమంది ఉదహరించారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన పత్రాలలో అది ఒకటి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వారు వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. బిట్రగుంట వారికి దీనిని వివరించడం సులభం. మన పాత లోకోషెడ్డు ఇంజన్లలో మండేది బొగ్గే అయినా, చక్రాన్ని తిప్పేది ఆవిరి గదా! మనం తినే అన్నం బొగ్గు వంటిది. ఎ.టి.పి. ఆవిరి వంటిది.

ఇక్కడొక విచిత్రం గమనించండి. కొలిచే పద్ధతికి ఆయన పేరు అంటిపెట్టుకుంది. అంతకంటే మహత్తరమైన ఎ.టి.పి. మాత్రం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నా, ఆయన పేరు లేకుండానే ఉంటుంది. ఒక సత్యం అందరిదీ అయినప్పుడు, దానిని మొదట చెప్పినవానిని ఎవరూ ఉదహరించరు. కార్యం నిలిచి కారకుడు మరుగవుతాడు.

హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. ఫిస్కే అసూయవల్ల సుబ్బారావు పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని సహచరుడైన జార్జ్ హిచింగ్స్ తరువాత చెప్పాడు. హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరి, పరిశోధనా విభాగాన్ని నడిపించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అదే ఔషధమైంది. ఆ పరిశోధన పత్రంలో ఎందరో పేర్ల మధ్య ఆయన పేరు ఒకటి మాత్రమే. అదే బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి 1948లో ప్రకటించాడు. ఆ పత్ర రచయితలలో సుబ్బారావు లేరు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుకలో ఉంది. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. కీర్తి డగ్గర్‌కు దక్కింది, సుబ్బారావు అడ్డు రాలేదు.

1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలాశాఖ స్టాంపు విడుదల చేసింది. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు.

పాఠకులారా, మన నెల్లూరు తీరానికి బోదకాలు కొత్త కాదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర 1947లో ఆయన బృందం అందించినదే. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమూ ఆ ప్రయోగశాల దారినే వచ్చింది. మాత్ర మింగిన తల్లి ఎవరినీ ఉదహరించదు. అయినా ఆమె బిడ్డ ఆరోగ్యంగా పుడతాడు.

లెక్కలు వద్దని కాదు. ఒక పని ఎంతమంది పండితులకు ఉపయోగపడిందో అవి చెప్పగలవు. ఎందరు బ్రతికారో చెప్పలేవు. మీ ఇంట ఏ బిడ్డయినా ఈ ఏడు పరీక్ష తప్పితే, ఆ మార్కుల కాగితాన్ని తుది తీర్పుగా ఎంచకండి. భీమవరం కుర్రవానికి మూడవ అవకాశం ఇచ్చినవారు ఉన్నారు కాబట్టే ఈ మందులు మన దాకా వచ్చాయి.