శుభశుక్రవారము - దామియను చరిత్రము

యేసుక్రీస్తు సిలువపై మరణించిన దినమును క్రైస్తవులు శుభశుక్రవారమని పాటింతురు. నిర్దోషి యొకడు క్రూరముగా చంపబడిన దినము శుభమెట్లగునని పలువురు ప్రశ్నింతురు. మతతర్కముకంటె నొక మనుజుని జీవితమే దీనికి స్పష్టమైన సమాధానమని మేము తలంచుచున్నాము.

జోసెఫ్ డి వ్యూస్టర్ 1840 వ సంవత్సరము జనవరి 3 వ తేదీని బెల్జియము దేశమునందలి ట్రెమెలో గ్రామమున జన్మించెను. సన్న్యాసియై దామియనను పేరు దాల్చెను. హవాయి ద్వీపములకు పోవలసిన యన్న రోగపీడితుడు కాగా, తానే బయలుదేరి 1864 లో హొనొలులు నగరము చేరి, ఆ యేటనే గురుపట్టము పొందెను.

ఆ రాజ్యమున 1865 వ సంవత్సరపు శాసనమొకటి కుష్ఠరోగులను బంధువులనుండి వేరుచేసి మొలొకాయి ద్వీపమునకు పంపుచుండెను. వారి నివాసమునకు మూడు ప్రక్కల సముద్రము, నాలవ ప్రక్క నిట్టనిలువు కొండ. తల్లి బిడ్డను, భర్త భార్యను మరల చూచుట యరుదు. రోగులను శాసనము పంపెను. దామియనును మాత్రమే శాసనమును నిర్బంధింపలేదు. ఆయన 1873 మే 10 వ తేదీని స్వేచ్ఛగా నచ్చటికి పోయెను. కొలది వారములకని పోయినవాడు పదునారు వత్సరములు నిలిచెను. పుండ్లు కడిగి కట్లు కట్టెను. ఇండ్లు నిర్మించి, మంచినీటికి గొట్టములు వేయించెను. మృతులకు శవపేటికలు చేసి, గోతులు త్రవ్వెను. అందరును తాకుటకు భయపడినవారితో కలసి భుజించెను.

1884 డిసెంబరు మాసమున వేడినీరు కాలికి తగిలినను నొప్పి తెలియకుండుటచే తనకును వ్యాధి సోకినదని గ్రహించెను. అయినను పని మానలేదు. 1889 ఏప్రిల్ 15 వ తేదీని, తన నలువదితొమ్మిదవ యేట, గతించెను. ఆ వారమందలి శుక్రవారమే యా సంవత్సరపు శుభశుక్రవారము.

వ్యాధి యెవ్వరికిని శుభము కాదు. సిలువయు శుభము కాదు. విడిచిపోగలిగియు విడిచిపోకుండుటయే శుభము. దామియను మొలొకాయి చేరిన 1873 లోనే నార్వే దేశమున హాన్సెను వైద్యుడు కుష్ఠక్రిమిని కనుగొనెను. హవాయిలో నిర్బంధశాసనము 1969 లో తొలగెను. నేడు ఔషధములచే నీ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. కాని ఔషధము వ్యాధిని మాన్పును గాని వెలిని మాన్పజాలదు. వ్యాధి నయమైనవారిని సైతము గుమ్మము బయటనే నిలుపు గృహములు మన దేశమున నింకను గలవు. చదువరులారా, ఆ గుమ్మము దాటి వారి ప్రక్కన కూర్చుండుటకు మనకు శాసనమేల?